బాకీ గుడ్డ

మా బిడ్డ మనస్విని నా ఫోన్ల యాప్ ఏసిచ్చింది.
"రోజుకు పది మాటలమ్మా, ఆర్నెల్లల్ల అరబ్బీ."
పచ్చ టిక్కులు కొట్టుకుంట పోయిన ఇరవై రోజులు:
ఆపిల్ పండు, విమానాశ్రయం,
మా మామ ఇంజనీరు.
టోలిచౌకిల బట్టలు కుట్టెటిదానికి
ఇంజనీరు మామతోని ఏం పని?
పొద్దుగాల నేర్చింది పగటీలికి
ఉతికిన గుడ్డ మీది చాక్ గీత.

మెహదీపట్నంల ఐతారం క్లాసుకు గూడ పోయిన,
మందుల దుకాణం మీది అర్రల.
కుడికెళ్లి ఎడమకు నడిచే అక్షరాలు.
భయపడలే, కత్తెర ఎటు తిప్పితే అటు పోతది గద.
కానీ యాభై మాటల పరీక్షల
పదకొండే వచ్చినయ్.
ముజ్తబా సారు కాయితం చూసి నవ్విండు:
"మెడ, భుజం, చెయ్యి, సూది, దారం, పొడుగు, పొట్టి...
బాలమణిగారూ, మీకొచ్చినయన్నీ కలిపితే
ఒక మనిషికి అంగీ అయితది!"

నేను గూడ నవ్విన.
బస్సుల కూసున్నంక నవ్వు ఆగింది.
ఒక్కొక్క మాట ఎట్లొచ్చిందో
వెనుకకు విప్పుకుంట పోయిన.

"దయ్యిగ్." ఇరుకు.
సూడాన్ ఆమె, ఇంతిసార్,
పెనిమిటి వెన్నుపూస ఆపరేషన్‌కని వచ్చి
మా గల్లీల మూడో అంతస్తుల కిరాయికున్నది.
కుట్టిన గౌను ఏసుకొని, ఊపిరి బిగబట్టి,
బుగ్గలు పూరీల లెక్క ఉబ్బిచ్చి చూపిచ్చింది.
చంక కింద నా రెండు వేళ్లు పట్టలే.
ఆ మాట చెవులకెళ్లి రాలే,
వేళ్లకెళ్లి వచ్చింది.

"వాసె." వదులు.
నడుము కాడ గుడ్డ గుప్పెడు పట్టుకొని చెప్పింది.
ఇప్పటికీ నా గుప్పెట్లనే ఉన్నది.
"కితిఫ్" అంటే భుజం, పిన్ను గుచ్చుకున్న నాడు నేర్చిన.
అప్పుడామె అరిచిన ఇంకో మాట
క్లాసుల అడిగితే సారు చెప్పలే.

"బుక్రా"కైతే కష్టమే పడలే.
రేపు.
దర్జీకి అంతకంటె ముందు రావాల్సిన మాట
ఏ దేశంల గూడ ఉండదు.

యాప్ తీసేసిన.
ఇప్పుడు మాటను ముందు ముట్టుకుంట,
తర్వాత వింట,
రాసుడు ఆఖరికి, టేపు వెనక బాల్‌పెన్నుతోని,
తెలుగు అక్షరాలల్లనే.
"గిది పద్ధతి గాదమ్మా" అంటది మనస్విని.
దానిది చూసుడు చదువు,
దాని పుస్తకాల నిండ నాలుగు రంగుల గీతలు.
నాది ముట్టుడు చదువు.
నలభై ఏడేండ్లొచ్చినంక తెలిసింది
బడిల నేను మొద్దును గానని.
అక్కడ చేతులు కట్టుకొని కూసోమన్నరు, అంతే.

మొన్న ఇంతిసార్ పచ్చ గుడ్డ తెచ్చింది,
తోబ్ చుట్టుకుంటరు వాళ్లు, మన చీర లెక్కనే,
దాని కిందికి గౌను.
కుట్టిచ్చిన. పైసలు లెక్కపెట్టి ఇచ్చింది.
పోతలేదు. నిలబడి అడిగింది:
"బాగీ?"
వాళ్ల నోట్ల "కా" "గా" అయితదని తెలుసు నాకు.
"బాకీ లేదమ్మా, అంతా ఇచ్చినవ్"
అని రెండు చేతులూ ఊపిన.
ఆమె తల అడ్డం తిప్పి
వంగి మిషన్ కింద వేలు పెట్టింది.
మూరెడు పచ్చ గుడ్డ.
మెత్త గలీబుకని మలిచి దాచిన.

చెవులు కాలినయ్.
తీసి చేతుల పెట్టిన.
క్షమించు అనబోయి వెతికితే
నోట్ల దొరికిన మాట ఒక్కటే:
"బుక్రా."

ఇంతిసార్ బల్ల పట్టుకొని నవ్వింది,
కండ్లల్ల నీళ్లొచ్చేదాక.
ఆపరేషన్ అయినంక ఆమె నవ్వంగ
చూసుడు అదే మొదలు.

బాకీ అంటే మిగిలింది.
నిద్రల లేపి అడిగినా చెప్త.
సిగ్గు గూడ ఒక చెయ్యే,
అది పట్టుకున్నది జారదు.

క్షమించు అనే మాట
సారు మూడు తీర్ల రాసిచ్చిండు.
ఒక్కటి నిలుస్తలేదు.
టేపు మెడల ఏసుకొని చూస్తున్న,
దాన్ని ఒంటి మీద
యాడ పట్టుకొని కొలవాలె?